సీఓటూ బుడగలన్నీ పైకొచ్చి పేలిపోతున్నాయి, నీళ్ళలో కరగాలంటే ఏం చెయ్యాలి?

మొక్కలు పెంచే అక్వేరియంలో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) బుడగల స్పీడు పెంచినా డ్రాప్ చెకర్ (నీళ్ళలో ఆ గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి) నీలంగానే, అంటే గ్యాస్ తక్కువని చూపిస్తూనే ఉంది, సిలిండర్ మాత్రం తొందరగా అయిపోతోంది అన్నారు కదా. దయచేసి గ్యాస్ ఇంకా పెంచకండి. గ్యాస్ సరిపడా వస్తోంది, నీళ్ళలో నిలవట్లేదు, అంతే.

ట్యాంక్ ముందు కూర్చుని ఒక్క బుడగ వెంట చూపు పోనివ్వండి. మిల్లీమీటరు బుడగైతే అడుగునుంచి పైకి కొద్ది సెకన్లలో వచ్చేస్తుంది, కరిగే తీరికే ఉండదు. అందులో పదో వంతు సైజు బుడగ సెకనుకి అర సెంటీమీటరే ఎక్కుతుంది. అంటే 40 సెంటీమీటర్ల నీళ్ళలో నిమిషం పైనే ఉంటుంది. పైగా అదే గ్యాస్ సన్నటి బుడగలైతే నీటికి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పటికబెల్లం పలుకు కంటే పంచదార ముందు కరగడం లాంటిదే ఇది.

కాబట్టి ముందు డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్నటి బుడగలుగా వదిలే పరికరం) లోని సిరామిక్ బిళ్ళ చూడండి. నాచు పట్టిందంటే ఒక అంచునుంచే లావు బుడగలొస్తాయి. నేను కొంచెం బ్లీచ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, బాగా కడిగి, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్ళలో ఉంచి, వాసన పూర్తిగా పోయాకే పెడతాను. సిలిండర్ బదులు ఈస్ట్ సీసా (ఈస్ట్, పంచదార పులిసి గ్యాస్ వచ్చే సీసా) వాడుతుంటే మాత్రం ఈ బిళ్ళకి ఆ ప్రెషర్ చాలకపోవచ్చు.

తర్వాత చోటు. నా ట్యాంకులో అసలు తేడా తెచ్చింది ఇదే. డిఫ్యూజర్ని మూలనుంచి తీసి, కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట ఉండే డబ్బా ఫిల్టర్) నీళ్ళు వదిలే ధార కింద పెట్టాను. పైకొచ్చే బుడగల్ని ఆ ధార పట్టుకుని కిందికి తోసేది, పొగలా అవతలి మూలదాకా వెళ్ళేవి. అంతకుముందు ఎదగని మాంటె కార్లో (అడుగున పరుచుకునే చిన్నాకుల మొక్క) అటువైపు పాకింది. ఫిల్టర్ పీల్చే గొట్టం కింద పెట్టినా బాగా కరుగుతుంది కానీ, లోపల గ్యాస్ చేరి గరగరమని శబ్దం వస్తుంది. ఇప్పుడు ఫిల్టర్ ఔట్‌లెట్ పైపులో ఇన్‌లైన్ అటమైజర్ (పైపులోనే గ్యాస్‌ని సన్నటి బుడగలు చేసే పరికరం) వాడుతున్నాను. బుడగలు అసలు కనబడకూడదనుకుంటే రియాక్టర్ (గ్యాస్ పూర్తిగా కరిగాకే నీళ్ళని ట్యాంకులోకి వదిలే గొట్టం) పెట్టుకోవాలి.

హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ (ట్యాంక్ అంచుకి తగిలించేది) అయితే నీటిమట్టం పెంచండి, జలపాతంలా పడితే గ్యాస్ ఎగిరిపోతుంది. అలాగని పైన అల లేకుండా చెయ్యొద్దు, చేపలకి ఆక్సిజన్ కావాలి. ఎండాకాలం మరీ జాగ్రత్త: వేడి నీళ్ళలో రెండు వాయువులూ తక్కువే కరుగుతాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే వెంటనే గ్యాస్ ఆపి ఎయిర్ పంప్ వెయ్యండి.

డ్రాప్ చెకర్లో ట్యాంక్ నీళ్ళు పొయ్యకండి, 4 కేహెచ్ (నీటిలో కార్బొనేట్ గట్టిదనం కొలత) ద్రావణమే పొయ్యాలి. అందులో ఆకుపచ్చ అంటే నీళ్ళలో సీఓటూ సుమారు 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు). రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది, అందుకే లైటుకి రెండు గంటల ముందే నేను గ్యాస్ వదులుతాను. సీఓటూ కరిగితే నీళ్ళ పీహెచ్ దిగుతుంది. మనవైపు చాలాచోట్ల బోరు నీళ్ళు గట్టివి, పీహెచ్ అంతగా దిగట్లేదని కంగారుపడతారు. కేహెచ్ 10 ఉన్న నీళ్ళలో పీహెచ్ 7 దగ్గరే 30 పీపీఎం ఉంటుంది, కేహెచ్ 4 ఉంటే పీహెచ్ 6.6 దాకా దిగాలి.

సిలిండర్ అంత తొందరగా అయిపోతోందంటే లీకు కూడా ఉండొచ్చు. రెగ్యులేటర్ దగ్గర, ప్రతి జాయింటు దగ్గర సబ్బు నురగ రాసి చూడండి. ట్యాంక్ సైజు, ఫిల్టర్ రకం, మీ నీళ్ళ కేహెచ్ రాస్తే డిఫ్యూజర్ ఎక్కడ పెడితే బాగుంటుందో చెబుతాను.