పసుపు కుంకుమతో పుట్టింటి వాటా తీరిపోతుందా?

ప్రశ్న: నా పెళ్లి 1982లో జరిగింది. అప్పుడు నాన్నగారు పసుపు కుంకుమ కింద ఎకరం పొలం ఇచ్చారు. తాతముత్తాతల నాటి పొలం ఇంకా ఆరెకరాలు ఉంది. నాన్నగారు 1998లో, అమ్మ 2010లో కాలం చేశారు. వీలునామా లేదు. వాటా అడిగితే నా ఇద్దరు తమ్ముళ్లు, 1985కు ముందే పెళ్లయిన ఆడపిల్లకు హక్కు లేదనీ, 2005 నాటికి నాన్నగారే లేరనీ, 1999లో పెద్దమనుషుల ముందు తాము పంచేసుకున్నామనీ అంటున్నారు. నాకు హక్కు ఉందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ తమ్ముళ్లు చెప్పిన మూడు కారణాల్లో మొదటి రెండూ ఇప్పుడు చెల్లవు, మూడోది మాత్రం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లను అది పక్కన పెట్టింది. ఎక్కువ అవసరం ఉన్న తరాన్నే వదిలేసిందని నా అభిప్రాయం. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి తేదీ అనే ఆ అడ్డుగోడను తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న విషయంలో సుప్రీంకోర్టు తీర్పులే ఒకదానితో ఒకటి పొసగకపోవడంతో, వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఆగస్టు 11న దాన్ని తేల్చింది: హక్కు పుట్టుకతో వచ్చేది కనుక తండ్రి అప్పటికి జీవించి ఉండనక్కర్లేదు.

ఇక పంపకాల సంగతి. 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన విభజనలను, అమ్మకాలను ఈ సవరణ కదిలించదు. అయితే విభజన రిజిస్టరు దస్తావేజు ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో జరిగి ఉండాలని చట్టం అంటోంది. నోటిమాట పంపకాన్ని ప్రభుత్వ రికార్డుల బలం ఉన్న అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకోవచ్చుననీ, సాక్షుల మాట ఒక్కటే చాలదనీ అదే తీర్పు చెప్పింది. కాబట్టి మీ కేసు నిలిచేదీ పోయేదీ పాత అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో చూపే గ్రామ రికార్డు), పట్టాదారు పాసు పుస్తకాల మీదే. 1999 నుంచే ఇద్దరి పేర్లా వేర్వేరు ఖాతాలు నడుస్తుంటే మీ తమ్ముళ్ల వాదనకు బలం ఉంటుంది. నాన్నగారి పేరే కొనసాగితే అది నిలవడం కష్టం. ముందుగా ఆ నకళ్లు, ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ధ్రువపత్రం) తీయించండి.

పసుపు కుంకుమ పొలం మీ సొంతం. దాన్ని పుచ్చుకున్నంత మాత్రాన మిగతా ఆస్తిలో హక్కు వదులుకున్నట్టు కాదు. విభజన రుజువు కాకపోతే, అమ్మానాన్నల భాగాలు కూడా మీ ముగ్గురికే సమానంగా వస్తాయి కనుక మీ వాటా మూడింట ఒక వంతు, అంటే రెండెకరాలు.

మరో రెండు జాగ్రత్తలు. ఉమ్మడి ఆస్తి నుంచి మిమ్మల్ని తప్పించారని మీకు తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లలోగా దావా వేయాలి, కాబట్టి వాళ్లు మొదట కాదన్న తేదీని న్యాయవాదికి కచ్చితంగా చెప్పండి. ఈలోగా బ్యాంకు అప్పు కోసమనో, పేరు మార్పు కోసమనో తెచ్చిన ఏ కాగితం మీదా చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు.