చిట్స్ కేసులో ప్రింటవుట్లు మాత్రమే ఇచ్చారు, హార్డ్‌డిస్క్ కాపీ అడగొచ్చా?

చిట్స్ కంపెనీ కేసులో మీ తమ్ముడు నాలుగో నిందితుడు (ఏ-4) అని, ఛార్జిషీటుతో లెడ్జర్ ప్రింటవుట్లు ఇచ్చి, పోలీసులు సీజ్ చేసిన హార్డ్‌డిస్క్ సంగతి ట్రయల్‌లో చూసుకోమన్నారని రాశారు. అంతదాకా ఆగకండి. ఛార్జెస్ ఫ్రేమ్ కాకముందే, అంటే ఏయే నేరాలపై విచారించాలో కోర్టు ఖరారు చేయకముందే అడగండి, అది మీ హక్కు.

హన్మకొండలో ఒక ప్రైవేటు చిట్స్ కంపెనీ మూతపడ్డప్పుడు అందులో అకౌంటెంట్‌గా ఉన్న మా ఆయన్నీ నిందితుల్లో చేర్చారు. మాకూ కాయితాల కట్టలే ఇచ్చారు. వకీల్ సాబ్ ఆఫీసులో వాటిని కింద పరిచి చూస్తే ప్రతి పేజీలో తేదీ, సభ్యుడి పేరు, మొత్తం ఉన్నాయి. కుడివైపు చివరి రెండు కాలమ్స్ మాత్రం ఏ4 సైజులో పట్టక తెగిపోయాయి. ఎంట్రీ ఎవరి లాగిన్‌తో పడింది, ఎన్నింటికి పడింది అనేవి ఉండేది ఆ రెంటిలోనే! ఆయన మీద ఆరోపణంతా ఆ ఎంట్రీల గురించే.

అప్పుడు వకీల్ సాబ్ 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పు పట్టుకుని పిటిషన్ వేశారు. కేరళకు చెందిన పి. గోపాలకృష్ణన్ కేసు అది. ప్రాసిక్యూషన్ ఆధారపడే మెమరీ కార్డులో ఉన్నది కూడా డాక్యుమెంటే, నిందితుడికి మామూలుగా దాని క్లోన్ కాపీ (ఉన్నదున్నట్టు నకలు) ఇవ్వాలి అంది కోర్టు. బాధితుల ప్రైవసీ దెబ్బతినే కేసుల్లో మాత్రం చూడనిస్తారు, కాపీ ఇవ్వరు. ఆ కేసులో జరిగింది అదే. లెక్కల ఫైళ్లకు ఆ అడ్డు సాధారణంగా రాదు. కొత్త డిస్క్ మేమే కొనిచ్చాం. కాపీ చేతికొచ్చాక చూస్తే, కొన్ని ఎంట్రీలు వేరే లాగిన్‌తో పడ్డాయి. కేసు ఇంకా నడుస్తోంది కానీ ఇప్పుడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షుల్ని అడగడానికి మా దగ్గర గట్టి ప్రశ్నలున్నాయి.

డిస్క్ సీజ్ చేసినప్పుడు రాసిన పంచనామా మళ్లీ చదవండి. డిస్క్ సీరియల్ నంబరు, హ్యాష్ వాల్యూ రాశారా? హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా అదీ మారిపోతుంది. ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టులోని నంబర్లతో సరిపోల్చుకోండి. కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా తీసుకోవడానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. పాత సాక్ష్య చట్టం కింద అయితే 65బి సర్టిఫికెట్, 2024 జూలై 1 నుంచి వచ్చిన సాక్ష్య చట్టం కింద అయితే సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే ప్రింటవుట్‌ను కోర్టు ఎగ్జిబిట్‌గా (సాక్ష్యంగా నంబరు వేసి) మార్క్ చేసే రోజే మీ వకీలు అభ్యంతరం చెప్పాలి. తర్వాత లేవనెత్తితే సాధారణంగా వినరు.

పోలీసులు సీజ్ చేసి కూడా ఛార్జిషీటులో వాడుకోనివాటి జాబితా అడగడం మర్చిపోవద్దు. అలాంటి జాబితా నిందితుడికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మాకు పనికొచ్చిన ఈమెయిళ్లు దొరికింది అందులోనే.

పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) కింద నడిచే కేసైతే సెక్షన్ 230 ప్రకారం, నిందితుడు హాజరైన 14 రోజుల్లోపు కాపీలు అందాలి. వకీలు ఉన్న బాధితులకూ ఇవ్వాలి కాబట్టి, ఆ చిట్టీల్లో డబ్బు పోయినవాళ్లు ఇది చదువుతుంటే మీరూ అడగండి. మీ పిటిషన్ కొట్టేస్తే ఆ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ వెంటనే తీసుకోండి, హైకోర్టుకు వెళ్లాలంటే అది కావాలి.