కాళ్ల వాపు, రాత్రి దమ్ము: అన్నీ ఫ్లోరైడ్ వల్లేనా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాయనకు 62 ఏళ్లు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల నడుము, మోకాళ్లు బిగుసుకుపోయాయి. నాలుగేళ్లుగా రోజూ నొప్పుల గోలీలు వేసుకుంటున్నాడు. బీపీ కూడా ఉంది. నెల రోజుల నుంచి సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. పడుకుంటే దమ్ము వస్తోందని రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాడు. ఇదంతా ఫ్లోరైడే అని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: పడుకుంటే దమ్ము వస్తోందన్న మాట చదవగానే నాకు గుండె మీద అనుమానం వచ్చింది. గుండె పంపింగ్ తగ్గినప్పుడు పగలు కాళ్లలోకి దిగిన నీరు, పడుకోగానే మళ్లీ రక్తంలోకి వచ్చి ఊపిరితిత్తుల మీద భారం వేస్తుంది. లేచి కూర్చుంటే తేలికపడుతుంది. దీన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటాం. పేరు విని గుండె ఆగిపోతుందని భయపడకండి, బలహీనపడిందని అర్థం. మందులతో చాలామంది కుదుటపడతారు.

ఫ్లోరైడ్‌తో పక్కటెముకల కీళ్లు బిగిసినా ఆయాసం వస్తుంది. అయితే అది ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. పాదాల వాపుతో కలిసి నెల రోజుల్లో వచ్చిందంటే వేరే కారణం వెతకాల్సిందే.

నా అనుమానం ఆ గోలీల మీద కూడా ఉంది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెడతాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. బీపీ గోలీ, నీరు పోయే గోలీతో కలిస్తే కిడ్నీకి ముప్పు ఇంకా ఎక్కువ. నాన్నగారిని తప్పుపట్టడం లేదు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతున్నా, ఎముకల్లో పేరుకున్నది అంత తొందరగా పోదు. ఎంత నొప్పి ఉంటే మనిషి నాలుగేళ్లు రోజూ గోలీ మింగుతాడో నేను కళ్లారా చూస్తున్నాను.

నొప్పుల గోలీ ఇవాళే ఆపించండి. నొప్పికి పారాసిటమాల్ ఎంత వాడాలో డాక్టర్‌ను అడగండి. ఒక జాగ్రత్త: ఆర్‌ఎంపీ దగ్గర పొట్లం కట్టి ఇచ్చిన గోలీలైతే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. కాబట్టి ఆ పొట్లం అలాగే డాక్టర్‌కు చూపించి, ఆయన చెప్పినట్టు చేయండి. బీపీ మందు మాత్రం మానొద్దు.

రేపో ఎల్లుండో నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), సోడియం, పొటాషియం పరీక్షలు కావాలి. ఈసీజీ బాగుందన్నా ఎకో వదలొద్దు, పంపింగ్ ఎంతుందో అందులోనే తెలుస్తుంది. కిడ్నీ, లివర్ జబ్బులతోనూ కాళ్లు వాస్తాయి కాబట్టి మూత్రంలో ప్రొటీన్ కూడా చూపించండి.

ఉప్పు రోజంతా కలిపి ఒక టీ చెంచా దాటొద్దు. తొక్కు, ఊరగాయ, ఉప్పు కలిపిన గంజి కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే, వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

కూర్చున్నా ఊపిరాడకపోయినా, ఛాతీ బిగబట్టినా, గులాబీ రంగు నురగతో దగ్గినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన్ను పడుకోబెట్టొద్దు, వీపుకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి.