బొమ్మ అందంగా వస్తే అనుమానించు

తిరువొత్తియూరు, చెన్నై

చిరంజీవి చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. సర్వే కంపెనీలో ఉద్యోగం వచ్చిందనీ, మొదటి పని మా తీరంలోనేననీ చెప్పగానే మీ పెద్దమ్మ పైగది దులిపించేసింది. నువ్వు అడిగింది ఒక్కటే ప్రశ్న: సర్వే సాఫ్ట్‌వేర్లలో హైప్యాక్ నేర్చుకోనా, క్విన్సీ నేర్చుకోనా అని. మీ ఆఫీసులో ఏది ఉంటే అది. నెల తిరక్కుండా చేతికొస్తుంది. ముప్పై ఏళ్లు పడవల మీద బతికినవాణ్ణి కనుక నువ్వు అడగని సంగతులు రాస్తున్నాను.

పేరుకి మన పని సముద్రం అడుగు కొలవడం. కానీ మనం కొలిచేది టైము. శబ్దం కిందికెళ్లి అడుగున తగిలి తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చూసి, దాన్ని నీళ్లలో శబ్దవేగంతో హెచ్చవేసి సగం చేస్తాం. వెనకటి వాళ్లు తాడుకి సీసపు గుండు కట్టి, గుండు కింద కొవ్వు పూసి దింపేవాళ్లు. లోతూ తెలిసేది, కొవ్వుకి అంటుకున్నది చూసి కింద ఇసకో బురదో కూడా తెలిసేది. వాళ్లు అడుగును తాకారు. మనం తాకం. అందుకే మనకూ అడుగుకూ మధ్య ఉన్నవన్నీ మనల్ని మోసం చెయ్యగలవు.

ముందు నీళ్ల సంగతి. పుస్తకంలో శబ్దవేగం సెకనుకి 1500 మీటర్లని చదివుంటావు. ఇరవై ఎనిమిది డిగ్రీల వెచ్చని, బాగా ఉప్పగా ఉన్న నీళ్లలో అది 1540 దాకా ఉంటుంది. వేడి తగ్గితే తగ్గుతుంది, ఉప్పదనం తగ్గినా తగ్గుతుంది, లోతుకి పోయేకొద్దీ ఒత్తిడి వల్ల కొంచెం పెరుగుతుంది. ఎండాకాలంలో ఇదంతా పెద్దగా బాధపెట్టదు. కార్తీకం వానలు మొదలయ్యాక చూడాలి. కొసస్థలైయారు నీళ్లు ఎన్నూరు క్రీక్ గుండా, కూవం, అడయారు నీళ్లు ఇటు నుంచీ వచ్చి, ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడలా పరుచుకుంటాయి. పడవలోంచి చూస్తే సముద్రం సముద్రంలాగే ఉంటుంది.

ఒక డిసెంబరులో ఎన్నూరు బయట ఇరవై మీటర్ల లోతులో పని. పొద్దున్నే సౌండ్ వెలాసిటీ ప్రొఫైలర్ దింపి, నీళ్లను పైనుంచి కిందిదాకా కొలిచాను. మధ్యాహ్నం మళ్లీ దింపాలి. పడవ ఆపాలంటే అరగంట పోతుంది, సాయంత్రానికి పడవ తిన్నగా నడపాల్సిన లైన్లు పూర్తవ్వవు, పైవాళ్లు ఊరుకోరు. దింపలేదు. రాత్రి కంప్యూటర్లో పెట్టి చూస్తే ప్రతి లైనూ బోర్లించిన మూకుడులా ఉంది, మధ్యలో ఉబ్బు, రెండు అంచులూ కిందికి వాలి. చదునైన అడుగు అలా ఉండదు. పైన తియ్యనీళ్లలో నెమ్మదిగా నడిచిన శబ్దం కింద ఉప్పునీళ్లలోకి దిగగానే వంగి బయటికి జరిగింది, సాఫ్ట్‌వేర్ మాత్రం నేను పొద్దున ఇచ్చిన లెక్క ప్రకారం తిన్నగా పోయిందనుకుంది. పైపొరలో సెకనుకి ఐదు మీటర్ల తేడా చాలు, ఇరవై మీటర్ల లోతులో అరవై డిగ్రీల వాలుగా పోయే బీములో, అంటే అంచు శబ్దకిరణంలో, జానెడు తప్పు వస్తుంది. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ ప్రమాణం ఎస్-44లో, ఓడ అడుగుకీ నేలకీ సందు తక్కువుండే చోట్ల కోసం పెట్టిన స్పెషల్ ఆర్డర్ ప్రకారం ఆ లోతుకి మొత్తం అనుమతించేదే 29 సెంటీమీటర్లు. నేను దాదాపు అంతా ఒక్క తప్పుకే ఖర్చు పెట్టేశాను. రెండు రోజుల పని మళ్లీ చేశాం. అరగంట మిగుల్చుకోబోయి.

నీళ్లు మారాయని అనుమానం వస్తే చాలు, దింపు. వాన పడ్డా, నీటి రంగు మారినా, నురగ గీత దాటినా దింపు. సరంగు గొణిగితే గొణగనీ.

రెండోది పడవ. శబ్దం పంపి వినే మన సోనార్ పేరు మల్టీబీమ్, అది ఒక్క పింగుకి, అంటే ఒక్క కూతకి, వందల బీములు విసనకర్ర విప్పినట్టు పరుస్తుంది. ఆ విసనకర్ర పట్టుకున్న చెయ్యి వణికితే అంచులు ఎక్కడికో పోతాయి. మోషన్ సెన్సర్ ఊపును కొలుస్తుంది, నిజమే, కానీ సెన్సరూ సోనారూ ఒకదానికొకటి ఎంత వంకరగా బిగించారో అది చెప్పలేదు. దాన్ని పట్టుకోవడానికే ప్యాచ్ టెస్ట్. రోల్‌కి, అంటే పక్కకి ఒరిగిన వంకరకి, చదునైన చోట ఒకే లైనును అటూ ఇటూ నడుపు. పిచ్‌కి, అంటే ముందుకో వెనక్కో ఒరిగిన వంకరకి, వాలు మీద అటూ ఇటూ, ఒకే వేగంతో. టైములో జాప్యం ఉందా అంటే అదే వాలు మీద ఒకే దిక్కులో, ఒకసారి మెల్లగా ఒకసారి జోరుగా. హెడింగ్‌కి, అంటే దిక్కు తిరిగిన వంకరకి, ఏదైనా బండకి అటొకటి ఇటొకటి పక్కపక్క లైన్లు, రెండూ ఒకే దిక్కుకి. రోల్ ఒక్క డిగ్రీ తేడా ఉందనుకో, అదే ఇరవై మీటర్ల లోతులో, అదే అంచు బీము దగ్గర అరవై సెంటీమీటర్లు తప్పుతుంది. సోనార్ కట్టిన గొట్టాన్ని ఎవరైనా కాలితో తన్నినా, జాలరి వల తగిలినా, బోల్టు విప్పి మళ్లీ బిగించినా, పాత నంబర్లు వాడకు. మొదటి నుంచీ మళ్లీ చెయ్యి.

పడవ ఒడ్డున ఉన్నప్పుడే టేపు పట్టుకుని జీపీఎస్ యాంటెన్నా నుంచి సోనార్ దాకా నువ్వే స్వయంగా కొలుచుకో. పాత కాగితంలో ఉన్న కొలత నమ్మకు. డీజిలు ఖర్చయ్యేకొద్దీ పడవ తేలుతుంది, అది కూడా రాసుకో.

ఆటుపోట్లు మనకి తేలిక. ఖంభాత్‌లోలాగా పదేసి మీటర్లు లేచి పడే నీళ్లు కావు, ఇక్కడ అమావాస్య పున్నాలకి కూడా మీటరు మాత్రం. తేలికని దాన్ని లోతులోంచి తీసెయ్యడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇంకోటి. పళ్లికరణైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ ఉంది కదా, వాళ్ల పరిశోధన ఓడ సాగర్ నిధి ఎక్కాలని నీకు కోరికని మీ నాన్న చెప్పాడు. ఎక్కుదువుగాని. అక్కడ సోనార్ కూతే వేరు. ఇక్కడ నీకిచ్చేది మూడు నాలుగు వందల కిలోహెర్ట్‌జ్‌ది, వేల మీటర్ల లోతులో వాడేది పన్నెండు కిలోహెర్ట్‌జ్ దగ్గరది. జాతరప్పుడు ఊరవతల నుంచి డప్పు వినపడుతుంది, గజ్జెలు వినపడవు. అదే లెక్క. డప్పుతో దూరం పోవచ్చు, గజ్జెలంత సన్నటి సంగతి దానికి దొరకదు. ఆ లోతుల్లో పని బోలెడు మిగిలే ఉంది, ప్రపంచం మొత్తం మీద సముద్రం అడుగు కొలిచింది ఇప్పటికి నాలుగోవంతుకి కాస్త ఎక్కువ, అంతే.

అడుగును పక్కల నుంచి బొమ్మ తీసే సైడ్ స్కాన్ సోనార్ ఇస్తే మాత్రం సంబరపడు. నాకు మల్టీబీమ్ రంగుల బొమ్మ కన్నా దాని నలుపూ తెలుపే ఇష్టం. దాంట్లో వస్తువును కాదు, దాని నీడను చదవాలి. పడవ వెనకాల తాడుతో లాగే ఆ సోనార్‌ని చేప అంటాం. చేప అడుగుకి ఎనిమిది మీటర్ల ఎత్తులో ఉండి, నీడ పొడవు పది మీటర్లయి, చేప నుంచి నీడ చివరిదాకా దూరం నలభై అయితే, ఆ వస్తువు ఎత్తు రెండు మీటర్లు. పదిని ఎనిమిదితో హెచ్చవేసి నలభైతో భాగించు. సాఫ్ట్‌వేరే చెప్తుంది, అయినా నువ్వు ఒకసారి చేత్తో వేసుకో.

కింద ఏదో ఉందని బొమ్మలో కనపడ్డాక, రిపోర్టులో రాసే ముందు కాశిమేడు చేపల రేవుకి పో. పొద్దున చేపలు దింపే వేళకి కాదు, మధ్యాహ్నం వలలు బాగుచేసుకుంటూ కూర్చునే వేళకి. రాతిగట్టుని వాళ్లు పార్ అంటారు. ఎక్కడ వల చిరుగుతుందో వాళ్లకి తెలుసు, ఎందుకు చిరుగుతుందో నీకు తెలుస్తుంది. తమిళం రాదని జంకకు. రాయపురంలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, టీ కొట్టు దగ్గర నిలబడితే ఎవరో ఒకరు దొరుకుతారు.

అన్ని లైన్లూ అయ్యాక వాటికి అడ్డంగా కొన్ని లైన్లు నడుపు. కంపెనీ వాళ్లు డీజిలు దండగంటారు. అడ్డలైనూ నిలువులైనూ కలిసే చోట రెండు లోతులూ ఒకటే వచ్చాయా చూడు. రంగులు ఎంత నున్నగా కలిసిపోయినా అక్కడ తేడా ఉంటే ఆ బొమ్మ పనికిరాదు. నున్నగా రావడం కోసం సాఫ్ట్‌వేర్లో ఎక్కువ దువ్వితే నిజం బండలు కూడా పోతాయి. నా కింద పనిచేసిన ఒక కుర్రాడు అలాగే మునిగిన తెప్ప ఒకటి చెరిపేశాడు. బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

వాంతుల గురించి మీ అమ్మ దిగులుపడుతోందట. ఖాళీ కడుపుతో ఎక్కకు, రెండు ఇడ్లీలు తిను, పడవ కదలడానికి గంట ముందు మాత్ర వేసుకో, తెర మీంచి కళ్లు తీసి అప్పుడప్పుడు దూరంగా ఆకాశం అంచు చూడు. నాకు మొదటి నెలంతా అయ్యాయి. సిగ్గేం లేదు.

గట్టి అట్ట నోటుబుక్కు, పెన్సిళ్లు తెచ్చుకో, తడికి పెన్ను సిరా పోతుంది. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తే ఎగ్మోరులో దిగు, నేను ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. ఆ డిసెంబరు నాటి నా లాగ్‌బుక్కు అటక మీద ఉంది, దించి ఉంచుతాను.

మీ పెదనాన్న