బుజ్జమ్మా, గుజరాతీ థాలీకి కూర్చునే ముందు ఇది చదువు

బుజ్జమ్మా,

సంక్రాంతి సెలవులకి అహ్మదాబాద్ వెళ్తున్నాం, మంచి థాలీ ఎక్కడ దొరుకుతుంది బాబాయ్ అని మెసేజ్ పెట్టావుగా, ఫోన్లో చెప్తే సగం వింటావు సగం వదిలేస్తావు, అందుకే తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా. ఎక్కడో తర్వాత చెప్తా, ముందు ఎలా తినాలో చెప్పనీ, నేను దెబ్బతిన్నది అక్కడే.

1988లో చీరల కొనుగోలుకి మొదటిసారి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కా, సూరత్‌లో పని చూసుకుని అహ్మదాబాద్ చేరేసరికి కడుపు కాలిపోతోంది. స్టేషన్ దగ్గర్లో ఓ డైనింగ్ హాల్లో కూర్చుని పళ్ళెం పెట్టీ పెట్టగానే అన్నం అడిగా. వడ్డించే ఆయన నా మొహం చూసి నవ్వి, రెండు రోట్లీలు, అంటే పల్చటి చపాతీలు, వేసి వెళ్ళిపోయాడు. ఇక సరే అని ఢోక్లా దూదిలా ఉందని నాలుగుసార్లు వేయించుకున్నా, పూరీలు ఆరో ఏడో లాగించా, కడుపు నిండిపోయింది అనుకునే టైముకి అసలువి మొదలయ్యాయి. నెయ్యి కారుతూ మన బొబ్బట్టు లాంటి పూరన్ పోళీ వచ్చింది, దాని వెనకే ఖిచిడీ, కఢీ. ఏదీ మింగుడు పడట్లేదు. ఎదురు బల్ల దగ్గర ఓ పెద్దాయన, రోజూ వచ్చే మనిషిలా ఉన్నాడు, ఢోక్లా లాంటి చిరుతిళ్ళు, వాళ్ళు ఫర్సాణ్ అంటారు, ఒక్కోటి ఒక్క ముక్కే తీసుకున్నాడు, చివర్లో ఖిచిడీ మధ్యలో గుంట చేసి అందులో నెయ్యి పోయించుకుని, పైన కఢీ వేసుకుని, ఎంత నెమ్మదిగా తిన్నాడో. నేను మాత్రం మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చున్నా. ఆ రోజునుంచీ ఆయనే నా గురువు.

కాబట్టి మొదటి మాట, అన్నం చివరికి వస్తుంది, అదీ కొంచెమే, తొందరపడకు. ముందు పళ్ళెంలో చిన్న గిన్నెలు వరసగా నిండుతాయి, రెండు మూడు శాక్‌లు అంటే కూరలు, ఒక కఠోళ్ అంటే పెసలో శనగలో అలసందలో అలాంటి గింజల కూర, దాల్, కఢీ, ఏదో ఒక స్వీటు. పక్కన ఫర్సాణ్, అంటే ఢోక్లా, ఖాండ్వీ, పాత్రా లాంటివి. పాత్రా అంటే చేమాకులకి శనగపిండి పూసి చుట్టి ఆవిరి మీద ఉడికించి పోపు పెడతారు, మీ ఆయనకి ఇది తప్పకుండా పెట్టించు. ఇంకా సంభారో అని క్యాబేజీ, పచ్చి బొప్పాయి, క్యారట్ పచ్చిదనం పోకుండా పోపులో తిప్పి తీస్తారు, చూడ్డానికి ఏముందిలే అనిపిస్తుంది గానీ నాకు ఆ పళ్ళెంలో అదంటే భలే ఇష్టం.

స్వీటు చివర్లో తిందాంలే అని పక్కన పెట్టకు. వాళ్ళు రోట్లీతో పాటే మధ్యమధ్యలో తింటారు, కూర కారం తగిలినప్పుడు ఓ ముక్క స్వీటు, మళ్ళీ కూర. మనవాళ్ళు చాలామంది అక్కడ ఒక్కపూట తినేసి వచ్చి పప్పులో బెల్లమేంట్రా అని వెక్కిరిస్తారు, మన ఇంట్లో మీ నానమ్మ గుమ్మడికాయ పులుసులో అంత బెల్లం వేస్తే మాత్రం లొట్టలేసుకుంటారు. ఆ దాల్‌ని పప్పు అనుకోకు, తీపి పులుసు అనుకో, పల్చగా ఉంటుంది, కోకమ్ అనే పుల్లటి పండు పులుపు, బెల్లం, మధ్యలో పంటికి తగిలే పల్లీలు. అన్నంలో కలిపేముందు గిన్నెతోనే కాస్త తాగి చూడు. కఢీ కూడా మన మజ్జిగ పులుసుకి చుట్టమే, కాకపోతే తెల్లగా, తియ్యగా ఉంటుంది, లవంగం, దాల్చినచెక్క వాసన వస్తుంది.

వడ్డించేవాళ్ళు ఆగరు, నీ గిన్నె ఖాళీ అయితే వాళ్ళకి ఊరుకోబుద్ధి కాదు. వద్దంటే వినిపించుకోరు, తల ఊపితే ఇంకోటి వేస్తారు. అరచేయి గిన్నె మీద బోర్లా పెట్టి "బస్" అను, కొంచెమే కావాలంటే "థోడు" అను, ఈ రెండు మాటలు చాలు. రోట్లీ మాత్రం ఒక్కోటే వేయించుకో, పెనం మీంచి వచ్చిన వేడిది నెయ్యి రాసి వేస్తారు, రెండు ఒకేసారి వేయించుకుంటే రెండోది చల్లారిపోతుంది. అన్‌లిమిటెడ్ కదా అని పారేసేంత వేయించుకోకు, ఇద్దరు కలిసి ఒకే థాలీ తింటామంటే కూడా ఒప్పుకోరు, మనిషికో థాలీ.

మీరు వెళ్ళేది జనవరి కదా, అదృష్టవంతులు, ఉంధియూ అనే చలికాలపు కూర సీజన్. ఉంధు అంటే తలకిందులు, కుండని బోర్లించి చుట్టూ మంట పెట్టి వండేవాళ్ళు అందుకే ఆ పేరు. సూరత్ పాపడీ చిక్కుళ్ళు, చిన్న వంకాయలు, పెండలం, చిలగడదుంప, అరటికాయ, మెంతికూర ముఠియాలు అంటే పిండి ఉండలు, పచ్చి వెల్లుల్లి ఆకు, ఇవన్నీ కలిసి ముద్దగా మెరుస్తూ ఉంటుంది. జనవరి 14న ఉత్తరాయణ్, ఊరంతా డాబాల మీద గాలిపటాలతో ఉంటుంది, ఉంధియూ, జిలేబీ అమ్మే షాపుల ముందు పెద్ద లైన్లు, పొద్దున్నే వెళ్తేనే పని అవుతుంది. జనవరిలో ఎవరైనా ఆమ్‌రస్ ఉందంటే మాత్రం నవ్వేసి వద్దను, అది డబ్బాలోది. గిర్ కేసర్ మామిడి రుచి చూడాలంటే ఎండాకాలంలో ఇంకోసారి వెళ్ళాల్సిందే.

ఇక ఎక్కడ అంటావా. కాస్త ఖర్చు పెట్టగలిగితే లాల్ దర్వాజా దగ్గర, సీదీ సయ్యద్ మసీదుకి ఎదురుగా, 1924లో కట్టిన పాత భవనం హౌస్ ఆఫ్ ఎంజీ, ఇప్పుడది హోటలు, దాని డాబా మీద అగాషియే అనే థాలీ రెస్టారెంట్ ఉంది, అగాషీ అంటేనే డాబా. ముందు ఆ మసీదులో రాతిని లేసులా చెక్కిన జాలీ చూసి, తర్వాత పైకెక్కండి. పల్లెటూరి వాతావరణం కావాలంటే విశాలా అనే రెస్టారెంట్, 1978 నుంచి ఉంది, లాంతర్ల వెలుగులో కింద కూర్చుని తినాలి, అక్కడే పాత పాత్రల మ్యూజియం కూడా ఉంది. మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులని విన్నా, కాబట్టి కింద కూర్చోగలరో లేదో ముందే అడుగు. టౌన్‌హాల్ దగ్గర గోపీ డైనింగ్ హాల్ ఇంట్లో తిన్నట్టుంటుంది, హంగులుండవు. ఆదివారం రాత్రి మాత్రం ఎక్కడికీ వెళ్ళకు, సగం ఊరు ఆ పూట పొయ్యి వెలిగించదు, అందరూ హోటళ్ళలోనే ఉంటారు.

అత్తగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు కదా, కూర్చోగానే "జైన్" అని చెప్పు, చాలాచోట్ల వేరేగా తెచ్చి పెడతారు, కానీ జైన్ వంటలో బంగాళదుంప లాంటి దుంపలు కూడా ఉండవు, ఆవిడకి ముందే చెప్పి ఉంచు లేకపోతే ఆలూ కూర ఏదీ అని నిన్నే అడుగుతారు. ఉంధియూలో కూడా వెల్లుల్లి ఉంటుంది, అడక్కుండా వేయించకు.

రాజ్‌కోట్ వైపు వెళ్తే కాఠియావాడీ థాలీ తినండి, అది పూర్తిగా వేరే లోకం, తీపి తక్కువ, కారం మనకి సరిపడా. రోట్లో అనే మందపాటి సజ్జ రొట్టె, దాని మీద వెన్న, పక్కన బెల్లం ముక్క, సేవ్-టమాటా కూర, కాల్చిన వంకాయ ఓళో. ఆ రొట్టెని చేత్తో నలిపి వెన్న కలుపుకుని తినాలి, స్పూను పక్కన పెట్టు. అది తిన్నాక షాపింగ్ అనుకోవద్దు, రాజ్‌కోట్‌లో మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత షట్టర్లు దించేసి అందరూ పడుకుంటారు, మళ్ళీ నాలుగింటికే. వ్యాపారం కోసం వెళ్ళినప్పుడు ఆ మూడు గంటలు తిట్టుకుంటూ రోడ్డు మీద తిరిగేవాణ్ణి, ఒక రోజు ఆ సజ్జ రొట్టె తిన్నాక నేనూ లాడ్జికెళ్ళి పడుకున్నా, అప్పట్నుంచి తిట్టడం మానేశా.

బిల్లు కట్టేచోట ముఖ్‌వాస్ గిన్నె ఉంటుంది, భోజనం అయ్యాక నోట్లో వేసుకునేది, వేయించిన ధనియాల పప్పు, సోంపు, నువ్వులు కలిపిన రకం నాకో పావుకిలో తీసుకురా, రంగురంగుల చక్కెర బిళ్ళలు వేసింది మాత్రం వద్దు.

మీ బాబాయి