సూర్యలంక ఇసుకలో తాళి కడితే పెళ్ళి చెల్లుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. వచ్చే ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్ళి. కల్యాణ మండపం వద్దు, సూర్యలంక బీచ్‌లో అరవై మందితో సింపుల్‌గా చేయమంటోంది. గుడిలోనో మండపంలోనో జరగని పెళ్ళి కోర్టులో నిలబడదని, సర్టిఫికెట్ కూడా ఇవ్వరని మా బావగారు భయపెడుతున్నారు. పర్మిషన్ ఎవరిస్తారో తెలియదు. ఈవెంట్ వాళ్ళు అన్నీ మేం చూసుకుంటామని యాభై వేలు అడ్వాన్సు అడుగుతున్నారు. అమ్మాయి ఇంటి నుంచి పని కాబట్టి నాలుగు నెలలుగా మా దగ్గరే ఉంది. అబ్బాయి వాళ్ళది బాపట్ల, క్రైస్తవ కుటుంబం. తాళి, ఉంగరాలు రెండూ ఉంటాయి. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బావగారి భయం ముందు తీర్చేద్దాం. పెళ్ళి గుడిలోనే జరగాలని, మండపంలోనే జరగాలని హిందూ వివాహ చట్టంలో ఎక్కడా లేదు. 1955 నాటి ఆ చట్టం ఏడో సెక్షన్ చూసేది ఒక్కటే: వధువు వైపు గానీ వరుడి వైపు గానీ ఆచారం ప్రకారం తంతు జరిగిందా లేదా. ఇంటి ముందు వేసిన పచ్చని పందిట్లో తరతరాలుగా మనవాళ్ళు చేసిన పెళ్ళిళ్ళన్నీ చెల్లినవే కదా. తంతు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకుంటే అది పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తంతు జరిగితే ఇసుక మీదైనా పెళ్ళి పెళ్ళే.

కానీ మీకు హిందూ వివాహ చట్టం వర్తించదు. మీరు బీచ్ గురించి అన్ని వాక్యాలు రాసి, అసలు విషయాన్ని చివర్లో ఒక ముక్కలో తేల్చేశారు. అబ్బాయి క్రైస్తవుడు. ఆ చట్టం కింద పెళ్ళికి ఇద్దరూ హిందువులై ఉండాలి. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు మన రాష్ట్రం నుంచి వెళ్ళిందే. హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి గుడిలో తాళి కట్టించుకున్నారు, రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. అయినా ఆ పెళ్ళి చెల్లదని కోర్టు తేల్చింది. గుడిలో జరిగిందన్న మాట అక్కడ ఎవరినీ కాపాడలేదు. మీరు వేదికకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఏ చట్టం కింద పెళ్ళో తేల్చుకోండి.

దారులు రెండు. ఒకటి, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, ఆ చట్టం కింద చేసుకోవచ్చు. చేయించే పాస్టర్‌గారికి ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. చాలా చోట్ల ఇది ఎవరూ అడగరు, తర్వాత తిప్పలు పడతారు. రెండోది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. తాళి, ఉంగరాలు రెండూ కావాలనుకుంటున్న మీ రెండు కుటుంబాలకూ నేను చెప్పేది ఇదే. ఎవరూ మతం మారనక్కర్లేదు, ఎవరి తంతు అసలుది అన్న వాదనా రాదు.

ఈ చట్టంలో మాత్రం చోటు గురించి ఒక మాట ఉంది. పన్నెండో సెక్షన్ ప్రకారం పెళ్ళి మ్యారేజ్ ఆఫీసర్ (ఈ చట్టం కింద పెళ్ళి జరిపించే ప్రభుత్వ అధికారి) కార్యాలయంలో జరగొచ్చు, లేదా అక్కడి నుంచి సహేతుకమైన దూరంలో మీరు కోరిన చోట అదనపు ఫీజు కట్టి జరిపించుకోవచ్చు. అంటే బీచ్‌లోనూ చేసుకోవచ్చు. అయితే ఆ బీచ్ ఆయన పరిధిలోకి రావాలి. ఇక్కడే గుంటూరు వాళ్ళు పొరబడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక గుంటూరు జిల్లాకు సముద్రమే లేదు. సూర్యలంక బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. మన నోట్లో అది ఇంకా 'గుంటూరు బీచే' అనుకోండి. విజయవాడ వాళ్ళ పరిస్థితీ అంతే, ఎన్టీఆర్ జిల్లాకూ తీరం లేదు. పెళ్ళి చేసుకోబోతున్నామని గుంటూరులో నోటీసు ఇస్తే ఇక్కడి అధికారి సూర్యలంక దాకా వచ్చి పెళ్ళి జరిపించలేడు.

మీ అదృష్టం కొద్దీ అబ్బాయిది బాపట్ల. నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరు వరసగా 30 రోజులు ఆ పరిధిలో నివసించి ఉంటే చాలు. అబ్బాయి ఒక నెల వాళ్ళ అమ్మానాన్నల దగ్గర ఉంటే బాపట్లలో నోటీసు ఇవ్వొచ్చు. అక్కడి నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు, దూరం సహేతుకం కాదని ఎవరూ అనలేరు. అమ్మాయి స్థిర నివాసం గుంటూరు కాబట్టి నోటీసు కాపీ ఇక్కడి ఆఫీసుకూ వస్తుంది, బోర్డు మీద పెడతారు. బంధువుల్లో ఎవరికైనా ఇంకా చెప్పకపోతే ముందే చెప్పండి, బోర్డు చూసి తెలుసుకోవడం బాగుండదు.

నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్ళి జరగకపోతే ఆ నోటీసు చెల్లకుండా పోతుంది, మళ్ళీ కొత్తది ఇవ్వాలి. ఫిబ్రవరి మధ్యలో పెళ్ళయితే డిసెంబరు మొదటి వారంలో ఇవ్వండి. అంటే అబ్బాయి నవంబరు మొదట్లోనే బాపట్ల చేరాలి. ముగ్గురు సాక్షులు కావాలి.

అధికారిని బీచ్‌కి పిలవడం నిజంగా అవసరమా? నన్నడిగితే వద్దు. ముహూర్తం వేళకి ఆయనకి ఏదో మీటింగ్ పడితే అందరికీ టెన్షన్. ముందు రోజు బాపట్ల ఆఫీసులో సంతకాలు చేసేయండి, చట్టం దృష్టిలో పెళ్ళి అక్కడే అయిపోతుంది. మర్నాడు సూర్యలంకలో తాళి, ఉంగరాలు, భోజనాలు మీ ఇష్టం. వరస మాత్రం తిప్పకండి. ముందు బీచ్, తర్వాత ఎప్పుడో రిజిస్ట్రేషన్ అని వదిలేసిన జంటలు పాస్‌పోర్టు పని పడ్డప్పుడు నా దగ్గరికి వస్తుంటారు.

ఇక చోటు. బీచ్ ఇసుక ప్రభుత్వ భూమి. ఈవెంట్ వాళ్ళు బుక్ చేశామన్నా వాళ్ళకి దాని మీద హక్కేమీ లేదు. పెద్ద పోటు గీత (పోటు వేళ నీళ్ళు వచ్చే చివరి హద్దు) నుంచి లోపలికి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి. కాంక్రీటు దిమ్మెలు, పక్కా స్టేజీ కుదరవు. విప్పి తీసుకుపోయే షామియానా, కుర్చీల వరకే ఆలోచించండి. దానికీ తహశీల్దార్, పంచాయతీ, పోలీస్ స్టేషన్ మూడు చోట్లా రాతపూర్వకంగా అర్జీ పెట్టి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఇన్ని తిరుగుళ్ళు ఎందుకు అనుకుంటే, నా సలహా వేరు. టూరిజం వాళ్ళ హరిత రిసార్ట్ గానీ తీరం దగ్గరి ప్రైవేటు రిసార్ట్ గానీ చూసుకుని వాళ్ళ ఆవరణలో తంతు చేయండి, ఫొటోలకి ఇసుకలోకి వెళ్ళండి. అరవై మందికి అది చాలు. మరుగుదొడ్లు, కరెంటు, పెద్దవాళ్ళకి నీడ అన్నీ అక్కడే ఉంటాయి. మంగినపూడి బాగుందని ఎవరైనా చెబితే, అది కృష్ణా జిల్లా. అధికారిని అక్కడికి రప్పించాలంటే బాపట్ల నోటీసు పనికిరాదు. హంసలదీవి వైపు మడ అడవులు, అటవీ శాఖ వ్యవహారం. అటు పోకండి.

ముహూర్తం గురించి పంతులుగారితో ఇప్పుడే మాట్లాడండి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 సంవత్సరం నుంచి ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకే కాదు, వాద్యాలు కూడా వాయించకూడదు. తెల్లవారుజాము నాలుగున్నర ముహూర్తమైతే సన్నాయి మేళం లేకుండా తాళి కట్టాలి. అభిజిత్ లగ్నమైతే ఎండకి ఇసుకలో కాళ్ళు కాలతాయి. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య ఏదైనా దొరుకుతుందేమో అడగండి. పగటిపూట మైకుకు కూడా పోలీసుల అనుమతి కాగితం ఉండాలి. మాఘ పౌర్ణమి, ఆదివారం రెండూ తప్పించండి, సముద్ర స్నానాల జనంలో పెళ్ళివారెవరో తెలియదు. ఫిబ్రవరి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే కాలం. రాత్రి రిసెప్షన్ అంటూ ఇసుక మీద ఫోకస్ లైట్లు వేయొద్దు. ఆ తాబేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, పులితో సమానం.

డ్రోన్ సంగతి ఫొటోగ్రాఫర్‌కి మీరే చెప్పాలి. సూర్యలంకలో పక్కనే ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు చూసి, అనుమానంగా ఉంటే డ్రోన్ మానేయండి. డెకరేషన్‌కి థర్మోకోల్ కూడా 2022 జులై 1 నుంచి నిషేధం. పూలు, అరటి బోదెలు, కొబ్బరాకులు పెట్టించండి, ఖర్చూ తక్కువ.

యాభై వేల అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వొద్దు. అన్ని పర్మిషన్లూ మేమే చూసుకుంటామన్న మాట వాళ్ళ చేత కాగితం మీద రాయించండి. అనుమతి రాకపోయినా, తుపాను వచ్చినా ఎంత వెనక్కిస్తారో అందులోనే ఉండాలి. ఎవరి తప్పూ లేకుండా పని అసాధ్యమైతే ఒప్పందం రద్దవుతుందని, తీసుకున్నది తిరిగివ్వాలని కాంట్రాక్టు చట్టం 56, 65 సెక్షన్లు చెబుతాయి. కానీ కాగితం లేకుండా కోర్టులో దాన్ని రుజువు చేయడం వేరే సంగతి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. గొడవ వస్తే బాపట్ల వెళ్ళక్కర్లేదు, మీరున్న గుంటూరు వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయొచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు.

ఒకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద వేరే మతస్థుణ్ణి పెళ్ళి చేసుకుంటే మీ అమ్మాయి ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. ఆమె వాటా ఎక్కడికీ పోదు, కానీ ఆ తర్వాత ఆమె ఆస్తికి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. మీకు పిత్రార్జితం పొలం ఉంటే, నోటీసు ఇచ్చే ముందు ఆ కాగితాలు తీసుకుని ఒకసారి మీ వకీలు దగ్గర కూర్చోండి.