మీరడిగారు: సముద్రంలో నాచు పెంచాలంటే లైసెన్సు ఎవరిస్తారు?

ప్రశ్న: సముద్రపు నాచు సాగు మొదలుపెట్టాలని ఉంది. తాళ్లు ఎలా కట్టాలి, విత్తనం ఎలా వేయాలి అని వీడియోలు చాలానే చూశాను కానీ లైసెన్సు సంగతి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. ఒకరు మత్స్యశాఖ అంటారు, ఒకరు పోర్టు వాళ్లు అంటారు, ఇంకొకాయన సముద్రం ఎవరి సొత్తూ కాదు, లైసెన్సే అక్కర్లేదు అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత కాలం పడుతుంది?

జవాబు: ముందు ఆ మూడో ఆయన మాట పక్కన పెట్టేయండి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా నీళ్లూ, వాటి కింది నేలా ఆ దేశం అధికారంలోనే ఉంటాయని 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందమే చెబుతోంది. లంగరు వేశారంటే ఆ నేలను వాడుకున్నట్టే, తాడు కట్టారంటే నలుగురూ తిరిగే దారిలో అడ్డం పెట్టినట్టే. అడక్కుండా పెడితే పీకేయమంటారు, ఖర్చంతా నీళ్లపాలు.

మిగతా ఇద్దరూ చెప్పింది తలా కొంచెం నిజం. నాచు సాగుకి అన్నీ కలిపి ఒకే కాగితం ఇచ్చే చోట్లు తక్కువ. ఆ చోటు వాడుకునే హక్కు, అంటే లీజు, ఒకరి దగ్గర ఉంటుంది. నీళ్లలో కట్టడం పెట్టే అనుమతి ఇంకొకరి దగ్గర, పెంపకం అనుమతి మరొకరి దగ్గర. పంట తిండికి అమ్మేదైతే ఆహార భద్రత వాళ్లు కూడా వచ్చి చేరతారు. స్కాట్లాండ్‌లో సముద్రపు నేల లీజు క్రౌన్ ఎస్టేట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది, మెరైన్ లైసెన్సు మాత్రం అక్కడి ప్రభుత్వ సముద్ర విభాగం ఇస్తుంది. అమెరికాలోని అలాస్కాలో లీజుకి సహజ వనరుల శాఖ, సాగు పర్మిట్‌కి చేపలు, వేటల శాఖ, ఆపైన పడవల రాకపోకలకు అడ్డం కాకుండా చూసేందుకు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్, అంటే సైన్యంలోని ఇంజనీర్ల విభాగం. ఈ చివరిదానికి ఆధారం 1899లో చేసిన చట్టం! నాచు సాగుకంటూ ఆ ఇంజనీర్ల విభాగం విడిగా ఒక పర్మిట్ పెట్టింది 2021లోనే. అందుకే మొదటి రోజు మీరు అడగాల్సింది ఒక్కటే: "ఇక్కడ సముద్రపు నేల లీజు ఎవరి చేతిలో ఉంది?" అది తెలిస్తే మిగతా ఆఫీసులు ఏవో వాళ్లే చెబుతారు. దరఖాస్తు పెట్టకముందే ఒకసారి కూర్చుని మాట్లాడదాం అంటే చాలా చోట్ల ఒప్పుకుంటారు కూడా, ఆ అవకాశం వదులుకోకండి.

ఇక అసలు విషయం. మీరు కాగితాల గురించి అడిగారు కానీ దరఖాస్తు నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా మీరు ఎంచుకున్న చోటుని బట్టే. నాచు పెరుగుతుందా లేదా అన్నది మీ తలనొప్పి, అధికారికి దానితో పెద్దగా పని లేదు. ఆ నీళ్లను ఇప్పటికే ఎవరు వాడుకుంటున్నారు, మీరొస్తే వాళ్లకేం అవుతుంది అన్నదే ఆయన చూస్తాడు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లీజు అడిగితే ఒడ్డున ఆస్తి ఉన్నవాళ్ల రాకపోకలు, పడవల దారి, చేపల వేట, చుట్టుపక్కల జీవజాలం, జనం వాడుకునే తావులు, చివరికి మీ పని వల్ల వచ్చే చప్పుడు, లైట్ల వెలుతురు కూడా లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి మ్యాపు మీద వేలు పెట్టేముందు అక్కడ వల వేసేవాళ్లతో మాట్లాడండి. ఏ నెలలో ఎటు వేటకెళతారో, గాలివాన వస్తే పడవలు ఎక్కడ ఆపుకుంటారో వాళ్లకు తెలిసినంతగా ఏ రికార్డులోనూ ఉండదు. మీ దరఖాస్తు మీద వేసిన నోటీసు చూసి మీ సంగతి తెలుసుకున్న మనిషి అభ్యంతరం రాస్తాడు, ముందే మీ నోటి నుంచి విన్నవాడు "నాలుగు వందల అడుగులు అటు జరుపుకో" అంటాడు. ఏది నయమో మీరే చూసుకోండి.

చోటు కుదిరాక దరఖాస్తులో ఏం రాయాలంటే, నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, పాటు సమయంలో (నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు) లోతు, నీటి వాలు ఎటు ఎంత వేగంగా ఉంటుంది, అడుగున ఇసుకా, రాయా, పగడాలా, సముద్రపు గడ్డి మొక్కలా (చివరి రెండూ ఉంటే వేరే చోటు వెతుక్కోవడమే మేలు), లంగర్ల బరువు, తాళ్ల పొడవు, రాత్రి పడవలకు కనబడేలా ఏ గుర్తులు పెడతారు, ఏ రకం నాచు, తుపాను వస్తే ఏం చేస్తారు, సాగు మానేస్తే సామానంతా ఎవరు తీస్తారు. ఈ చివరి ప్రశ్నకి డబ్బు పూచీ కూడా అడుగుతారు కొన్ని చోట్ల. తాళ్ల బొమ్మ శ్రద్ధగా వేయండి. వదులుగా వేలాడే తాళ్లకు తిమింగలాలు, తాబేళ్లు చిక్కుకుంటాయని భయం, అందుకే బిగుతుగా ఉంచుతామని బొమ్మలో కనబడాలి.

ఎంత కాలం అంటే, పెద్ద లీజులకు ఏడాది దాటడం మామూలే. చల్లటి నీళ్లలో పెరిగే కెల్ప్ అనే నాచు అయితే ఇంకో చిక్కు ఉంది, విత్తనం శరదృతువులో వేసి వసంతంలో కోస్తారు, అనుమతి శీతాకాలం మధ్యలో చేతికొస్తే ఆ ఏడు పోయినట్టే. కప్పాఫైకస్ లాంటి వెచ్చని నీటి నాచుకి ఆ టెన్షన్ తక్కువ, సుమారు 45 రోజులకో కోత వస్తుంది.

నన్నడిగితే చిన్నగా మొదలుపెట్టండి. మెయిన్‌లోనే 400 చదరపు అడుగులకి ఏడాది లైసెన్సు ఉంది, 4 ఎకరాల దాకా మూడేళ్ల ప్రయోగాత్మక లీజు ఉంది, ఆ తర్వాతే 100 ఎకరాల దాకా 20 ఏళ్ల లీజు. మీ దగ్గరా ఇలాంటి మెట్లు ఉన్నాయేమో అడగండి. చిన్న దానికి అభ్యంతరాలు తక్కువ, మీకూ పని తెలుస్తుంది, పెద్దది అడిగేటప్పుడు చూపించడానికి లెక్కలుంటాయి. అన్నీ నేను చూసుకుంటానని వచ్చే ఏజెంటు ఫారాలు బాగానే నింపుతాడు కానీ, రేపు విచారణలో మత్స్యకారులు లేచి నిలబడి అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

ప్రశ్న: త్వరగా పెరిగే రకం వేరే దేశం నుంచి తెప్పించుకుని వేస్తే లైసెన్సుకి ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే, అది న్యాయమైన ఇబ్బంది. 1970ల్లో హవాయిలోని కనియోహే బేకి సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ జాతి నాచు అక్కడ పగడాల మీద పరుచుకుపోయింది, తీయడానికి ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర పగడాల మీద అదే నాచు కనబడిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. తాడు నుంచి ఊడిన ముక్క కూడా మొక్కై బతుకుతుంది, అదే సమస్య. అలాస్కాలోనైతే విత్తనానికి తల్లి మొక్కలు పొలానికి 50 కిలోమీటర్ల లోపలివే అయి ఉండాలి, కనీసం 50 వేర్వేరు మొక్కల నుంచి తీయాలి. స్థానిక రకంతో దరఖాస్తు పెడితే సగం ప్రశ్నలు రావు.

ప్రశ్న: ఒడ్డున ట్యాంకుల్లో పెంచితే ఈ గొడవంతా తప్పుతుందా?

జవాబు: సముద్రపు నేల లీజు తప్పుతుంది. సముద్రపు నీళ్లు లోపలికి తోడటానికీ, వాడిన నీళ్లు మళ్లీ వదలడానికీ మాత్రం మామూలుగా అనుమతి కావాలి, పంపు గొట్టం ఒడ్డు దాటి నీళ్లలోకి వెళితే దానికీ అడుగుతారు. కరెంటు బిల్లు లెక్క కూడా ముందే వేసుకోండి, పంపులు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి.